చీకట్లో ఊ కొట్టిన మనిషి

మా ఆయన లిఫ్టుల మెకానిక్. పాతికేళ్ళు ఒకే కంపెనీలో పనిచేసినందుకు గోడగడియారం ఇస్తారనుకుంటే, సముద్రం ఒడ్డున ఏదో రిసార్టులో రెండు రాత్రులు ఉండి రమ్మని కాగితం చేతిలో పెట్టారు. అది మూడు నెలలు ఫ్రిజ్ మీదే పడి ఉంది. ఆయన వెళ్దామనీ అనలేదు, వద్దనీ అనలేదు. చివరికి నేనే ఫోన్ చేసి తేదీ ఖాయం చేశాను. విహారం మీద మోజుతో కాదు. ఆయన్ని వదిలి వెళ్ళిపోతానన్న మాట చెప్పడానికి ఎక్కడో ఒక చోటు కావాలి కదా.

మా అక్క వేరే ఊళ్ళో యూనిఫారాలు కుట్టించే యూనిట్ నడుపుతోంది. పన్నెండు మిషన్లు. నేనూ కుట్టుపని చేసేదాన్నే కాబట్టి, "నువ్వొచ్చి చూసుకోవే, పైగది ఖాళీగానే ఉంది" అని ఏడాదిగా పోరుతోంది. ఈ సోమవారంలోగా అవునో కాదో తేల్చమంది. మేం రిసార్టుకు బయల్దేరింది శుక్రవారం.

ఎందుకు వెళ్ళిపోతున్నావని ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి కూడా సిగ్గే. ఆయన తాగడు, కొట్టడు, పల్లెత్తు మాట అనడు. ఊ అంటాడు, అంతే.

పెళ్ళైన కొత్తలో మాకున్నది ఒకటే గది. కర్టెన్‌కి అవతల అత్తగారూ ఆడపడుచూ పడుకునేవాళ్ళు. అందుకని మనసులో మాటలన్నీ లైటు తీసేశాక గుసగుసగా చెప్పుకోవడం అలవాటైంది. తర్వాత మూడు గదుల ఇల్లొచ్చింది, అత్తగారు పోయారు, ఆడపడుచు పెళ్ళి చేసుకుని వెళ్ళింది, అలవాటు మాత్రం పోలేదు. పగలు సరుకుల మాటలు, తాళంచెవుల మాటలు. అసలు కబుర్లు లైటు తీశాకే. నేనే కుట్టిన పొడుగాటి తలగడ, ఇద్దరికీ అదొక్కటే. నేను చెప్తుంటే ఆయన మధ్యలో ఆపి అడిగేవాడు, నవ్వేవాడు, ఊళ్ళోవాళ్ళ మీద నాకంటే ఎక్కువ చాడీలు చెప్పేవాడు. అలాంటిది మూడేళ్ళుగా ఏం చెప్పినా ఊ. గుచ్చి గుచ్చి అడిగితే సరే.

అమ్మ పోయిన వారానికి ఒకరోజు లైటు తీశాక ఏడుపు ఆగలేదు. "రోజూ ఇలా ఏడుస్తుంటే మీకు విసుగ్గా ఉందా?" అని అడిగాను. "ఊ" అన్నాడు. అని, అటు తిరిగి పడుకున్నాడు. అది నేను మర్చిపోలేదు.

రిసార్టు అంటే రోడ్డు ఆగిపోయాక జీపులో ఇంకో గంట. నల్లటి బండలు, వాటి మీద పడి విరిగే అలలు, ఇసకలో విసిరేసినట్టు పదకొండు చెక్క కుటీరాలు. రిసెప్షన్‌లో మేనేజరమ్మాయి మా ఫోన్లు గుడ్డసంచిలో వేసి మూతి కట్టేసింది. "వెళ్ళేటప్పుడు ఇస్తామండీ. ఇక్కడ సముద్రం తప్ప ఇంకేం వినపడకూడదు" అంది. మా ఆయన ఆ పిల్ల మొహంలోకే చూస్తూ శ్రద్ధగా తలూపాడు. పరాయి ఆడపిల్ల మాట మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను.

ప్రకృతికి హాని చెయ్యకూడదని అక్కడ ఫ్యాన్లు లేవు, టీవీ లేదు, స్నానానికి లెక్కగా రెండు బకెట్ల నీళ్ళు. మా పాత అద్దెగదిలోనూ అచ్చం ఇంతే. అప్పుడు దాన్ని పేదరికం అనేవాళ్ళం. కాకపోతే ఇక్కడ దుప్పట్లు వెన్నలా ఉన్నాయి, కిటికీ తీస్తే ఇల్లంతా సముద్రమే.

అన్నిటికంటే పెద్ద నియమం దీపాలది. ఆ ఒడ్డుకు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయట, వెలుగు చూస్తే బెదిరి వెనక్కి పోతాయట. అందుకని పొద్దుగూకాక కుటీరాల్లో దీపం వెలిగించకూడదు. దారి వెంట మాత్రం చీలమండల ఎత్తులో ఎర్రటి గుడ్డిదీపాలు.

ఆ సాయంత్రం భోజనం పెందలాడే ముగించి వరండాలో జంట చెక్కకుర్చీలో పక్కపక్కన కూర్చున్నాం. చూస్తుండగానే చీకటి పడింది. నాకు అలవాటైన చీకటే. గుండె దిటవు చేసుకుని మొదలుపెట్టాను.

"ఏమండీ, నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతాను."

"ఊ."

"నాలుగు రోజులకి కాదు. ఇక రాను."

"ఊ."

"ఇరవై మూడేళ్ళ కాపురం. మీకేం అనిపించట్లేదా?"

"సరే, నీ ఇష్టం" అన్నాడు. కాసేపటికి, "దోమలు లేవు, నయం" అన్నాడు.

లేచి లోపలికి వెళ్ళి పడుకున్నాను. వెన్నలాంటి దుప్పటిని పంటి కింద పెట్టుకుని ఏడ్చాను. దోమల మీద ఉన్న పట్టింపు కూడా నా మీద లేదు!

తెల్లారి కళ్ళు తెరిచేసరికి పక్కన లేడు. వరండా అంచున నాకు వీపు పెట్టి, చెక్కస్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పనిలో ఆయన అలవాటది. మోటారు గది గోడకు చెయ్యి ఆనించి లిఫ్టు రోగం చెప్తాడు.

మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాను. "ఏం చేస్తున్నారు?" అన్నాను. పలకలేదు. గొంతు పెంచాను. పలకలేదు. నాకు తిక్కరేగింది.

"మొండిఘటం గారూ! బండరాయి గారూ!" చలనం లేదు. ఇరవై మూడేళ్ళలో ఎప్పుడూ అనని మాట కూడా అనేశాను. "ఓ దున్నపోతూ!" పక్క కుటీరంలో ఎవరో కిటికీ తీసి తొంగిచూశారు. ఆయన మాత్రం సముద్రం వైపే చూస్తున్నాడు.

ఒళ్ళు మండిపోయి కాలెత్తి చెక్కనేల మీద దబ్బున తన్నాను. ఆయన చటుక్కున వెనక్కి తిరిగాడు.

"లేచావా? ఇలా రా. అల వచ్చి కొట్టినప్పుడల్లా ఈ స్తంభానికి తెలుస్తోంది, చూడు" అన్నాడు నవ్వుతూ.

అంత అరుపుకు తిరగని మనిషి నేల అదిరితే తిరిగాడు. భుజం మీది తువ్వాలు తీసి, మొహం తుడుచుకుంటున్నట్టుగా నోటికి అడ్డం పెట్టుకుని అడిగాను.

"కాఫీ తెప్పించనా?"

ఆయన కళ్ళు తువ్వాలు మీద తడుముకున్నాయి. "ఊ."

"ఇల్లు తగలబెట్టేయనా?"

"సరే."

తువ్వాలు చేతిలోంచి జారిపోయింది. నా మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది. మెట్టు మీద కూలబడ్డాడు. నేను ఎదురుగా ఇసకలో కూర్చున్నాను.

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు. ఎడమ చెవి ముందు పోయింది. కుడిది ఏదో కాస్త. పగలైతే నీ పెదాలు చూసి నెట్టుకొస్తున్నా."

"డాక్టరుకు చూపించుకోవచ్చుగా?"

"కంపెనీకి తెలిస్తే లిఫ్టు గోతిలోకి దింపరు. పైనున్నవాడు ఆపమని అరిస్తే కిందవాడికి వినపడాలి."

"మరి ఇన్నాళ్ళూ ఎలా చేశారండీ!"

"అరవొద్దు, లిఫ్టు జారే ఇనుప పట్టా మీద స్పానరుతో కొట్టండని రూలు పెట్టా. చేతికి తెలిసిపోతుంది. అందరూ నాది క్రమశిక్షణ అనుకుంటున్నారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాకు చెప్పడానికేం?" అని అరిచాను. అరవనక్కర్లేదు, కానీ అరిచాను.

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "చెప్తే లైటు తీశాక నువ్విక మాట్లాడవు. చీకట్లో ఒక్క ముక్కా అందేది కాదు. కానీ నువ్వు మాట్లాడుతుంటే తలగడ సన్నగా అదురుతుంది. నేను ఊ కొట్టకపోతే ఆపేస్తావు."

అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

"నిన్న చాలాసేపు అదిరింది కుర్చీచెయ్యి. ఏం చెప్పావు?" అని అడిగాడు.

ఎండ నా మొహం మీద పడేలా జరిగి కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "వెళ్ళిపోతాను, ఇక రాను అన్నాను. మీరు సరే, నీ ఇష్టం అన్నారు."

రెండోసారి చెప్పించుకున్నాడు. మొహం పాలిపోయింది. "ఇంకా వేటికి సరే అన్నానే నేను?"

ఎన్నని చెప్పను? ఒక్కటే చెప్పాను. అమ్మ పోయిన వారం నేనడిగింది, ఆయన ఊ అన్నది, అటు తిరిగి పడుకున్నది.

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి వచ్చింది మాట. "ఆ రోజు తలగడ మామూలుగా అదరలేదు. నువ్వేదో గట్టి బాధ చెప్తున్నావని తెలిసింది. అటు తిరిగితే కుడి చెవి పైకొస్తుంది కదా... ఒక్క మాటైనా అందుతుందేమోనని తిరిగాను."

అప్పట్నించీ ఆ వీపును నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో!

నా కోపం పూర్తిగా పోలేదు. తన ప్రాణంతో, తోటివాళ్ళ ప్రాణంతో ఆటలాడినందుకు కడిగేశాను. సోమవారం పొద్దున్నే కంపెనీకి ఆయనే చెప్పాలని, లేకపోతే నేనే వెళ్ళి చెప్తానని తేల్చేశాను. తలూపాడు. "సరే" అనబోయి ఆగి, "చెప్తాను" అన్నాడు. ఆ పగలంతా బండల నీడలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాం. పొద్దుగూకేసరికి నా గొంతు బొంగురుపోయింది.

ఆదివారం బయల్దేరేటప్పుడు ఫోన్లు తిరిగిచ్చారు. తెరిచీ తెరవగానే అక్క ఫోను.

"ఏం తేల్చావే?"

"వేరే మనిషిని చూసుకో అక్కా."

"ఏం, ఆయన ఒప్పుకోలేదా? అన్నీ విని ఏమన్నాడు?"

"ఆయన ఇంకా వినలేదు. మూడేళ్ళవి ఉన్నాయి. ఇప్పుడే మొదలుపెట్టాను" అని ఫోన్ పెట్టేశాను.

జీపు వెనకాల ఎదురెదురుగా రెండు బల్లలు. ఆయన ఎక్కి, నా కోసం పక్కకు జరిగి చోటు చేశాడు. నేను వెళ్ళి ఎదుటి బల్ల మీద కూర్చున్నాను.