గొంతుపట్టీకి నాలుగు వేళ్ళు

మా ఆయన టేపును నమ్మేవారు కాదు. కళ్ళెం కొలతలన్నీ వేళ్ళలోనే రాసుకునేవారు. ముక్కుపట్టీకి రెండు, గొంతుపట్టీకి నాలుగు. అంటే పట్టీకీ గుర్రానికీ మధ్య అన్ని వేళ్ళు నిలువుగా దూరేంత సందు వదలాలని. ముప్పై ఏళ్ళ నోటుపుస్తకాల్లో సెంటీమీటరన్న మాట ఒక్కచోటా కనబడదు. వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివినదాన్ని కదా అని ఒకసారి స్కేలు కొనిచ్చాను. దాంతో వీపు గోక్కున్నారు.

ఆయన పోయి ఎనిమిది నెలలు. ఒక్కదానికి వండుకోవడం నాకింకా చేతకాలేదు. కూరలో ఉప్పెక్కువైందని ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి లేకపోతే, ఎక్కువైందో లేదో కూడా తెలియదు.

ముందుగదిలో ఆయన కళ్ళేల కొట్టు అలాగే ఉంది. ఆ గదిలో జిరాక్సు మిషను పెట్టాలని మా మరిది పట్టుదల.

"ఇంకెన్నాళ్ళు వదినా, తోలుముక్కలకి కాపలా?"

"ఒక్క కళ్ళెం మిగిలింది. అది నప్పితే కొట్టు నేనే నడుపుతా. నప్పకపోతే తాళంచెవి నీ చేతిలో పెడతా," అన్నాను.

నోరు జారడమంటే ఇదే. కుట్టు పని నాకు కొత్త కాదు. తోలుకి రెండు వైపులనుంచీ వేసే రెండు సూదుల కుట్టులో రెండో సూది ఎప్పుడూ నాదే. కొలతా, కోతా మాత్రం ఆయన ఎన్నడూ నాకు వదల్లేదు.

ఆ కళ్ళెం రిటైరైన పళ్ళ డాక్టరుగారి బూడిదరంగు గుర్రానిది. అది నడక గుర్రం. ఎంత వేగంగా పోయినా ఎగరదు. నాలుగు కాళ్ళూ ఒకదాని వెనక ఒకటి వేస్తూ, అడుగడుక్కీ తల ఊపుతుంది. పైనున్నవాళ్ళ చేతిలో గ్లాసు నీళ్ళున్నా తొణకవు. తల ఊపనివ్వకపోతే ఆ నడకే పోతుంది. మిగతావన్నీ ఆయనే గుర్రానికి పెట్టి చూసి కుట్టేసి వెళ్ళారు. గొంతుపట్టీ ఒక్కటి మిగిలింది.

నోటుపుస్తకం చూసుకుని డాక్టరుగారి దొడ్డికి వెళ్ళాను. గుర్రం గొంతు చుట్టూ దారం తిప్పి, కింద నాలుగు వేళ్ళు నిలిపి, ముడి వేసుకొచ్చాను. ఆ ముడి ప్రకారం తోలు కోసి, అంచులు నున్నగా రుద్ది, కుట్టాను. కొస పొడుగ్గా వేలాడితే అసహ్యమని మిగులు కూడా కత్తిరించేశాను.

మర్నాడు పొద్దున డాక్టరుగారు గుర్రాన్ని మా వాకిట్లోకి తెచ్చి, కళ్ళెం తొడిగి ఎక్కారు. వేడుక చూడ్డానికి మా మరిది కూడా వచ్చాడు. గుర్రం పది అడుగులు వేసి మెడ బిగబట్టింది. తల ఊపలేదు. ఆ తర్వాత ఎగరడం మొదలుపెట్టింది. దానితోపాటు డాక్టరుగారి కళ్ళజోడూ ఎగిరింది.

"అమ్మా, ఇది నడవడం లేదు. నన్ను దంచుతోంది," అన్నారాయన దిగి, నడుం పట్టుకుని.

"చెప్పానా వదినా!" అని మా మరిది చెయ్యి చాపాడు, తాళంచెవి కోసం.

నేను పట్టీ కింద వేళ్ళు పెట్టి చూశాను. నాలుగూ సరిగ్గా పట్టాయి. పుస్తకంలో నాలుగు, ఇక్కడా నాలుగే. మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. అప్పుడు నా చెయ్యి నాకే కొత్తగా కనబడింది. సన్నటి వేళ్ళు, అరిగిన గాజు. పుస్తకంలో ఉన్న నాలుగు ఇవి కావు.

"వేళ్ళు ఆయనవి," అన్నాను.

"అంతేనా? నావి పెట్టి కొలువు. అన్నయ్య తమ్ముణ్ణేగా!"

"నీవి అరటిపళ్ళు."

"పోనీ నావి?" అన్నారు డాక్టరుగారు.

"మీవి నోట్లో దూర్చే వేళ్ళు, డాక్టరుగారూ. నాకంటే సన్నం."

ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి పక్కనే కూర్చుని కుట్టాను. ఎంత వెడల్పని అడిగితే గాల్లో చూపించలేకపోయాను. ఫొటోల్లో ఆయన ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతారు. ఉంగరం పెట్టుకోలేదు. గుర్తుచేసుకుందామంటే చేతి వేడి గుర్తొచ్చింది. వేడికి కొలత లేదు.

గుర్రం మూతి తెచ్చి నా భుజానికి రుద్దింది. ముక్కుపట్టీ సర్దబోయి ఆగిపోయాను. అది ఆయన కొలిచి కుట్టింది. దాని కింద ఆయన రెండు వేళ్ళ సందు ఉంది.

నా వేళ్ళు దూర్చాను. రెండు పట్టాయి. మూడోది ముప్పావు వంతు దూరి ఆగింది.

అక్కడే అలా ఉండిపోయాను. "గుర్రం కరిచిందా?" అని డాక్టరుగారు కంగారుపడ్డారు.

"లేదండీ. ఆయన రెండుకి నావి రెండూ ముప్పావు. నాలుగుకి అయిదున్నర. రేపు రండి."

గుర్రం వెళ్ళేలోపే దారం మళ్ళీ తిప్పి ముడి వేసుకుని, కొత్త తోలు కోశాను. అంచులు రుద్ది కుట్టాను. ఈసారి కొస కత్తిరించలేదు.

మర్నాడు డాక్టరుగారు ఎక్కగానే గుర్రం మెడ సాచింది. ఒక అడుగు, ఒక ఊపు. ఇంకో అడుగు, ఇంకో ఊపు. చూసి చూసి నా తల కూడా ఊగసాగింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చినా ఆయన కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

"కొత్త పగ్గాలు కూడా మీరే చెయ్యాలమ్మా," అని ఆయన వెళ్ళిపోయారు.

"మరి జిరాక్సు మిషనో?" అన్నాడు మా మరిది.

"మీ పడగ్గదిలో పెట్టుకో. మీ ఆవిడకి నీ కాపీ ఇంకోటి తీసిద్దువు గాని."

నవ్వాడు. తాళంచెవి ఊసెత్తకుండా చెప్పులేసుకుని పోయాడు.

ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి, నోటుపుస్తకం తెరిచి, ఆయన రాసిన నాలుగు పక్కన 'నా వేళ్ళతో అయిదున్నర' అని చిన్నగా రాశాను. తర్వాత ఏమీ తోచక ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి, బొటనవేలు మడిచి, పక్కన కుడిచేతి చూపుడువేలూ, దాని పక్కనే మధ్యవేలు సగమూ చేర్చాను. ఇంత. ఇంత చెయ్యి ఆయనది.

లోపల పాలు పొంగుతున్న చప్పుడు వినబడింది. వెళ్ళి పొయ్యి కట్టెయ్యాలంటే చేతులు తియ్యాలి.

పొంగనిచ్చాను.