నూరిన గుళికలు

కరగలేదనే కదా నూరాను, విషం పోశానా ఏమన్నానా, అమ్మాయి వేసి మూడు వారాలైనా ఆ ఎరువు గుళికలు ఆవగింజల్లా మట్టిలో అలాగే మెరుస్తుంటే ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది, మొక్క ఆకలికి చచ్చిపోదూ, అందుకే అది బయటికెళ్లినప్పుడు డబ్బాలోంచి గుప్పెడు తీసి మెత్తగా నూరి వంగమొక్కకి వేశాను, మిగతా పదకొండు బకెట్లలో మొక్కలకీ వేసేలోగా అది వచ్చేసింది కాబట్టి సరిపోయింది, నాలుగోనాటికి ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడిపోయాయి, ఇవాళేమో మొక్కల నర్సరీ ఆవిడ మా డాబా మీద అమ్మాయి పెంచుతున్న ఒక్కో బకెట్టూ వంగి చూస్తోంది, నచ్చితే అమ్మాయికి తన దగ్గర ఉద్యోగం, నచ్చకపోతే మళ్లీ ఆ మూసిన తలుపు, బట్టల కంపెనీ మూతపడ్డాక ఆర్నెల్లు అది గోడవైపు తిరిగి పడుకున్న ఆ మంచం, అమ్మో, వంగమొక్క కనపడకుండా నేనే అడ్డంగా నిలబడ్డాను.

ఆకులు మాడిన రోజే ఒప్పేసుకున్నాను దానితో, నూరావా అమ్మా అని నోరు తెరిచి, తర్వాత పకపకా నవ్వింది, గుళిక పైన పొర ఉన్నదే అందుకే, తడి తగిలినప్పుడల్లా ఎరువుని రవ్వంత రవ్వంత వదులుతుంది, మూడు నెలల తిండి ఒక్కపూటలో కుక్కేశావు, అచ్చం నన్ను పెంచినట్టే అంది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కానీ చూడాలి దాని పని, పైమట్టి చెంచాతో గీకేసింది, అడుగు కన్నాల్లోంచి కారేదాకా నీళ్లు పోసి, ఆగి, మళ్లీ పోసింది, ఇప్పుడేమీ వేయకూడదు, వేరు తేరుకోనీ అని పది రోజులు ఊరుకుంది, నేనైతే పది నిమిషాలు ఉండలేను, ఆ తర్వాతే రెండు గుప్పెళ్ల పశువుల ఎరువు, పేడ వాసనొస్తే ఇంకా మాగనట్టు, మట్టి వాసన రావాలి, ఏదీ చూడు అని నా ముక్కు దగ్గర పెట్టింది, పది తప్పిన పిల్ల, ఇదంతా ఎప్పుడు నేర్చిందో.

అయ్యో, నర్సరీ ఆవిడ ఇటే వస్తోంది, కాస్త జరగండమ్మా అంటోంది, ఈ ఆకులేంటి ఇలా ఉన్నాయి అంటోంది, తెగులని చెప్పవే, ఎండకని చెప్పవే తల్లీ, అది నావంక ఒక్కసారి చూసి, ఎరువు ఎక్కువైందండీ, గుళికలు నలిగిపోయాయి, కడిగేశాను, ఇదిగో చిగురు అని మాడిన ఆకు పక్కకి వంచి చూపించింది, నలిపిందెవరో చెప్పలేదు, మాడింది దాచనూ లేదు, ఆవిడ పచ్చగా ఉన్న పదకొండూ వదిలేసి ఆ వంగమొక్క దగ్గరే చతికిలబడింది, బాగున్నవాటిని ఎవరైనా చూపిస్తారమ్మాయ్, సోమవారం వచ్చెయ్ అంది.

సోమవారం బస్సు దొరుకుతుందో లేదో, ఎండకి కళ్లు తిరుగుతాయేమో, పార కాలిమీద పడుతుందేమో అని నా బుర్ర అప్పుడే పరుగు మొదలెట్టింది, అది మాత్రం మగ్గు అందుకుని నింపాదిగా నీళ్లు పోస్తోంది, ఇన్నేళ్లూ నా భయాన్ని గుప్పెళ్లకొద్దీ నూరి దీనికి పోస్తూనే ఉన్నాను, మాడే ఉంటుంది నా తల్లి, ఎన్నిసార్లో, నాకు చెప్పకుండా తనే కడిగేసుకుని చిగురేసింది.