ఉపవాసం రోజు ఎంపిక

రాజోలు హైస్కూలు మైదానంలో ఆడపిల్లలకు హాకీ నేర్పే బెంజమిన్ గారు రాగానే పరుగెత్తించరు. ఒక్కొక్కరినీ పిలిచి, రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, ఎక్కడైనా నొప్పా అని అడుగుతారు. తర్వాత వేళ్లకు సుద్ద రాసుకుని ఎగిరి గోడ మీద గుర్తు పెట్టమంటారు. ఒళ్లు అలసి ఉంటే గుర్తు కిందికి దిగుతుందట. మా కాలేజీ రోజుల్లో జ్వరమొచ్చినా మైదానం చుట్టూ తిరగాల్సిందే. అందుకే నేను రోజూ మైదానం పక్కనున్న అరుగు మీద కూర్చుని ఈ పద్ధతి ముచ్చటగా చూస్తాను.

ఆ కార్తీక సోమవారం కాకినాడ పోటీలకు జట్టును ఎంపిక చేస్తున్నారు. అందులో చోటు కోసం నా మనవరాలు రమ్యశ్రీ వేసవి నుంచీ ఎదురుచూస్తోంది. మా ఆవిడ పోయాక ఇంట్లో సోమవారాలు చేస్తున్నది ఈ పిల్లే. చుక్క కనిపించేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు.

“ఏం తిన్నావమ్మా?” అన్నారు బెంజమిన్ గారు.

“పప్పన్నమండి.” నావైపు చూడకుండా ఎగిరింది. రోజూ పడేచోటికి రెండు వేళ్లు కింద పడింది గుర్తు.

“ఇది పప్పన్నం తిని ఎగిరిన ఎత్తు కాదే. నిజం చెప్పు.”

“ఉపవాసమండి. చెప్తే ఆడనివ్వరని...”

“ఆడనివ్వను. నీరసం మీద గిర్రున తిరిగితే మోకాలు పోద్ది. ఇలా వచ్చి కూర్చో.”

రమ్య కళ్లు నిండాయి. నేను లేచాను. “ఓ కొబ్బరిబొండం తాగిస్తానండి.”

“ఇప్పుడు తాగినా ఈ ఆటకి అందదు బాబాయి గారూ. ఉపవాసమెందుకండి పాడుచెయ్యడం.”

పిల్లలకు పంచే అరటిపళ్ల గంపను ఆ వేళ అవతలి గోలు వెనక పెట్టించారు. ఎందుకో వాళ్లకు తెలియలేదు. నాకు తెలిసింది.

ఆట మొదలైంది. “ఊరికే కూర్చోకు,” అన్నారాయన. “బంతి ఎటు పోతుందో, కొట్టేలోగా చెప్పు.” చుట్టూ చూసి ఖాళీ కనిపెట్టడమూ సాధనేనని, దానికి కాళ్లతో పని లేదని నాకు వివరించారు.

మొదట గొణిగింది. కాసేపటికి గొంతు లేచింది. “ఎడమకండి... నీహారికకి ఇవ్వాలి. ఇవ్వదు, తనే కొట్టేసుకుంటుంది.”

అలాగే జరిగింది.

“మరి గోలుకీపరు?”

“జడ సర్దుకుంటోందండి.”

బెంజమిన్ గారు నవ్వాపుకోలేకపోయారు.

చివర్లో పేర్లు చెప్పారు. జట్టు మధ్యలో ఆడేది రమ్యశ్రీ.

“ఇవాళ నేను ఆడలేదు కదండీ,” అంది నమ్మలేక.

“ఇన్నాళ్లూ ఆడింది ఎక్కడికి పోద్ది? ఆటంతా కనబడుతోంది నీకు. మధ్యలో అలాంటోళ్లే ఉండాలి. ఇకనుంచి ఉపవాసం ముందే చెప్పు, ఆ రోజు కూర్చునే పని పెడతాను.”

“ఆయ్. మరి పోటీయే సోమవారం పడితేనండి?”

ఆయన తల గోక్కున్నారు. “అది నేను చదివిన సైన్సులో లేదమ్మా. మీ తాతయ్య గారిని అడుగు.”

ఇద్దరూ నావైపు తిరిగారు.

“మీ నాన్న కడుపులో ఉన్న ఏడాది మీ నాయనమ్మ పాలు తాగే సోమవారాలు చేసింది,” అన్నాను.

“చెల్లిందా తాతయ్యా?”

“చెల్లకపోవడమేంటి? ఆ శివుడికీ పిల్లలున్నారు.”

“ఎన్ని గ్లాసులు తాగేదేంటి?” అంది రమ్య.