కొట్లో వదిలిన నీడ

పొద్దున్నే కొట్టు తెరిచి, కుట్టుమిషనుకి నూనె వేసి, నాలుగు చొక్కాలు కత్తిరించి పెట్టడం మిషనత్తకి ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ తర్వాత దారాలు కొనడానికి బజారుకి వెళ్తుంది. ఆవిడ నీడ మాత్రం మిషను దగ్గరే కూర్చుని కుడుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు దానికే కొలతలు ఇచ్చి పోతారు. కాజాలైతే అత్త కంటే నీడే బాగా తీస్తుందని వీధిలో ఒక మాట.

ఆవిడకి యూరప్ వెళ్ళాలని కోరిక. అక్కడి మ్యూజియంలో రెండొందల ఏళ్ళనాటి గౌను ఒకటుంది. పత్రికలో ఫొటో వేశారు గానీ ముందువైపే తీశారు. వెనక భుజం దగ్గర ఆ కుచ్చులు ఎలా కలిపారో చూడకుండా చావనని పట్టుబట్టింది.

వీసాకి రెండుసార్లు దరఖాస్తు పెడితే రెండుసార్లూ వెనక్కొచ్చింది. తిరిగి వస్తారన్న నమ్మకం లేదని ఒకటే ముక్క.

"తిరిగి ఎందుకొస్తావని వాళ్ళ అనుమానం. మొగుడు లేడు, పిల్లలు లేరు. వాళ్ళ లెక్కలో నువ్వు తాడూ బొంగరం లేని మనిషివి," అన్నాడు వీసా ఏజెంటు. "ఒక పెళ్ళి ఫొటో పుట్టిద్దాం అత్తా. మా బావ పక్కన నిలబడతాడు."

"మీ బావకి చొక్కా కావాలంటే కుడతాను. మొగుడిగా నాకక్కర్లేదు. ఉన్నవే పెట్టు. బ్యాంకు కాగితం, కొట్టు లైసెన్సు, హోటలు బుకింగు, రానూపోనూ టికెట్టు, ఇన్సూరెన్సు."

"అవన్నీ మొన్నా పెట్టాం కదా!"

అప్పుడు తట్టింది ఆవిడకి. పెద్ద ఆఫీసు కదా, నిండుగా కనబడాలని రెండుసార్లూ కొట్టుకి తాళం వేసి, నీడని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. ఉన్నదంతా మూటగట్టుకుని వచ్చిన మనిషిని ఎవరు నమ్ముతారు? తన తెలివికి తనకే ఒళ్ళు మండింది.

మూడోసారి కొట్టు తెరిచే ఉంచి వెళ్ళింది. కౌంటరు మీద లైటు ధగధగలాడుతోంది. ఆవిడ కాగితాల మీద చెయ్యి పెట్టినా వాటి మీద నీడ పడలేదు. ఆఫీసరు తలెత్తాడు.

"మీ నీడ ఏది?"

"కొట్లో ఉందండి. పనిలో ఉంది."

"ఇక్కడికి రాదా?"

"తెస్తే వస్తుంది. రెండుసార్లు తెచ్చాను, మీకు నచ్చలేదు. మొగుడు లేడండి, పిల్లలు లేరు. ఇందులో దొంగ కాగితం ఒక్కటీ లేదు. పన్నెండు రోజులు చూసి వచ్చేస్తాను. నీడ లేకుండా అంతకుమించి ఉండటం నా వల్ల కాదు. కాదంటారా, నాలుగోసారీ వస్తాను. మీరు బదిలీ అయి వెళ్ళిపోయినా వస్తాను."

ఆయన దరఖాస్తు ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. 'నీడ ఇక్కడే ఉంది' అని రాసి ముద్ర గుద్దాడు.

నెల తిరిగేసరికి మిషనత్త మ్యూజియంలో ఉంది. అందరూ గౌను ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, ఆవిడ వెనక్కి వెళ్ళి గంటసేపు కదల్లేదు. భుజం దగ్గర ఒక కుచ్చు వంకరగా పోయింది. కుట్టినామె దాన్ని విప్పకుండా, పక్క కుచ్చుని కూడా అలాగే వంచి మొండిగా ముందుకెళ్ళిపోయింది.

ఇక్కడ కొట్లో నీడ కాజా తీయడం ఆపి, భుజాలు కదిలేలా నవ్వింది.

"అత్త చూసేసినట్టుంది," అన్నాడు కొలతలివ్వడానికి వచ్చినాయన, చేతులు చాచి నిలబడుతూ.