ఆరు గళ్ళ వరస

పరీక్ష మొదలై పది నిమిషాలైంది. జోస్యం ఇంకా ప్రశ్నపత్రం తిప్పలేదు. కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

ఏ టీము గెలుస్తుందో ముందే చెబుతానని గొప్పలు పోతాడు కాబట్టి హాస్టల్లో అందరూ వాణ్ణి జోస్యం అంటారు. వాడు చెప్పినవాటిలో నిజమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పందేల గొడవలో పడి స్టాటిస్టిక్స్ పేపరు ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఇది ఆఖరిసారి. ఇదీ పోతే కాలేజీ రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు. "ఈసారి తప్పావో, మీ మామయ్య టైర్ల కొట్లో పంక్చర్లు వేసుకుందువుగాని!" అని అమ్మ ఫోన్లోనే తేల్చి చెప్పింది.

ఖర్మకొద్దీ అదే పూట మ్యాచ్. జోస్యం నెల మెస్ బిల్లంతా దానిమీద కాశాడు. హాల్లోకి ఫోన్ రానివ్వరు. అందుకే రూమ్మేటు కొంగ, ఆరడుగుల మనిషి, కిటికీ ఎదురుగా కాలేజీ మైదానంలో నిలబడి, తన ఫోన్లో చూసి స్కోరు చేతులతో చూపిస్తున్నాడు. పరుగుకో వేలు. పిడికిలి అంటే సున్నా. రెండు చేతులూ ఎత్తితే సిక్సరు.

మిగిలింది ఆఖరి నాలుగు ఓవర్లు. జవాబు పత్రం మొదటి పేజీలో ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు ఇరవై నాలుగు గళ్ళున్నాయి, వరసకి ఆరు చొప్పున. ఓవరుకి ఆరు బంతులు. పందెం కాసేవాడి కంటికి అవి జవాబుల గళ్ళలా ఎందుకు కనిపిస్తాయి? చెయ్యి దానంతటదే రాసుకుపోయింది: 1, 4, 0, 0, 6, 1.

వెనక బెంచీలో కళ్ళజోడు మెడ సాచాడు. వాడి వెనకవాడు వాడి మీదుగా సాచాడు. అలా వరసంతా పాకింది.

జోస్యం కాసిన టీము ఓడింది. వాడు మిగతా టైమంతా పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు.

మూడు రోజుల తర్వాత ఆ వరసలోని ఏడుగురినీ స్టాటిస్టిక్స్ మాస్టారు తన గదికి పిలిపించారు.

"ఐదో ప్రశ్నకి ఆప్షన్లు ఎన్నిరా?"

"నాలుగు సార్."

"మరి ఏడుగురూ ఆరు అని రాశారే? ఎక్కణ్ణుంచి ఊడిపడింది ఆ ఆరు?"

"నాకూ డౌటొచ్చింది సార్," కళ్ళజోడు గొణిగాడు. "కానీ వాడు అంత ధైర్యంగా రాస్తుంటే..."

టీ గ్లాసుల కోసం వచ్చిన అటెండరు బల్లమీది పేపర్లోకి తొంగిచూశాడు. "ఒకటి, నాలుగు, సున్నా, సున్నా, ఆరు, ఒకటి... ఇది సోమవారం మ్యాచ్ పదిహేడో ఓవరు కదండీ! తర్వాతి ఓవర్లో చేతిలో పడ్డ క్యాచ్ వదిలేశాడు సన్నాసి!"

"ఆ పూట నీ డ్యూటీ నా హాలు బయట కదయ్యా?"

అటెండరు గ్లాసులతో సహా మాయమయ్యాడు.

మాస్టారు తల పట్టుకున్నారు. "మ్యాచ్ స్కోరు కాపీ కొట్టినవాళ్ళని ఏ రూలు కింద పట్టుకోవాల్రా నేను? మీ ఆరుగురికీ ఆబ్జెక్టివ్‌లో సున్నా. పొండి. నువ్వాగు జోస్యం. నువ్వు కాపీ కొట్టలేదు, అసలు పరీక్షే రాయలేదు. ఎల్లుండి ఇక్కడే రాయి. మళ్ళీ అవకాశం ఇవ్వను."

జోస్యం ఫోను కొంగకిచ్చేసి పుస్తకం తెరిచాడు. తను ప్రతిసారీ ఎందుకు ఓడిపోతున్నాడో మూడో పేజీలోనే లెక్కతో సహా ఉంది. రెండేళ్ళుగా ఆ పేజీ విప్పనే లేదు.

ఎల్లుండి వచ్చింది. మాస్టారి గదిలో ఒక్కడే రాస్తున్నాడు. కిటికీ అవతల కొంగ ప్రత్యక్షమయ్యాడు. రెండు వేళ్ళు. నాలుగు. మళ్ళీ రెండు.

ఎవరు ఆడుతున్నారో? ఎన్నో ఓవరో? అరచేయి దురద పెట్టింది. జోస్యం లేచి కిటికీ మూశాడు. కొంగ రెండో కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. అదీ మూశాడు.

"చలేస్తోందా?" అన్నారు మాస్టారు.

"లేదు సార్, చెమటలు పడుతున్నాయి."

మాస్టారు అక్కడికక్కడే దిద్దారు. నలభై వస్తే పాస్. నలభై ఒకటి వచ్చాయి.

"ఒరే దున్నపోతా! అది స్కోరు కాదురా, ఆన్సర్లు!" బయటికి రాగానే కొంగ మండిపడ్డాడు. "అటెండరు కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని పేపరు చూసొచ్చి, ఆన్సర్లు నేనే కట్టా!"

"మొదటిదానికి ఏం చూపించావ్?"

"రెండు."

"మూడురా. తర్వాతది?"

"నాలుగు."

"ఒకటి."

కొంగ మొహం మాడిపోయింది. "అంటే... నిన్ను టైర్ల కొట్టుకి నేనే పంపేవాణ్ణన్నమాట."

ఇంతలో అటెండరు ఏడుపు మొహంతో వచ్చాడు. "పాసయ్యావటగా బాబూ? ఆఫీసులో నువ్వు తప్పుతావని నేనొక్కణ్ణే కాశాను."

'రేటెంత?' అన్న మాట జోస్యం నాలుక చివరిదాకా వచ్చింది. వాడు పెదాలు బిగించుకుని, కొంగ జేబులోంచి తన ఫోను లాక్కుని, అమ్మకు ఫోన్ చేశాడు.