ఫొటో కింద మాటలు

వంటింట్లో ఎర్మినా చేపకి పొలుసు తీస్తుంటే మొగుడు రొడెల్యో గుమ్మంలో నిలబడి, "ఓ రెండు ముక్కలు రాసిపెట్టు" అనడం ఆ ఇంట్లో మామూలే. ఎవరైనా పోతే సంతాపం, ఊరి పాలన చూసే బరాంగాయ్ సభలో తీర్మానం, ఏటా ఊరి జాతరకి అచ్చేసే ఫియెస్టా పుస్తకంలో అతని ఫొటో కింద వేసే సందేశం, అన్నీ రెండు ముక్కలే. ఎర్మినా నీచువాసన పోయేలా చేతులకి కలమన్సి నిమ్మకాయ పిండుకుని, కడుక్కుని, వంటబల్ల దగ్గరే కూర్చుని రాసేది. అదీ ఇంగ్లిషులో. ఊళ్ళో సగంమందికి అర్థం కాదు, కానీ కౌన్సిలరన్నవాడు ఇంగ్లిషులో మాట్లాడకపోతే ఆ సగంమందే లెక్కచెయ్యరు. అతను మైకులో చదువుతుంటే ఆమె వెనకాల నూడుల్స్ పళ్ళేలు సర్దుతూ చప్పట్లు వినేది. అందులో తనకీ వాటా ఉందని ఏనాడూ అనుకోలేదు. అనుకోకూడదని ఆమెకి ఎవరూ చెప్పనూ లేదు, అదే విచిత్రం.

నలభై దాటాక కాలేజీలో చేరింది. పసిపిల్లల బడిలో ఏళ్ళ తరబడి తాత్కాలికంగా చేస్తున్న ఉద్యోగం ఖాయం కావాలంటే డిగ్రీ ఉండాలన్నారు. మొదటి ఏడాది వ్యాసరచనలో ఫెయిలైతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని కూడా అన్నారు. పాఠం చెప్పే మిస్ తుపాస్‌ది ఎర్మినా చెల్లెలి వయసు.

మొదటి వ్యాసాన్ని ఎర్మినా దేవుడికి కృతజ్ఞతలతో మొదలుపెట్టి, తనకి అంత తెలివి లేదని మన్నించమని వేడుకుని, ఆ తర్వాత మా ఆయన అంటుంటారు అని రాసింది. మేడమ్ వాటన్నిటి చుట్టూ ఎర్రగా సున్నాలు చుట్టి ఇచ్చింది. "మీ ఆయన సంగతి సరే. మీరేమంటారు? మొదటి పేరాలోనే చెప్పండి" అంది. ఎర్మినాకి అది మర్యాదగా తోచలేదు. ఒకరింటికి వెళ్ళి, బాగున్నారా అనైనా అడక్కుండా చేబదులు అడిగినట్టుంది. అయినా నేర్చుకుంది. ముందు తన వాదన చెప్పాలి, దానికి ఆధారం చూపాలి, కాదనేవాళ్ళకి జవాబివ్వాలి. ఇంట్లో ఈ మూడింట్లో ఒక్కటి చేసినా నోటిదురుసు అంటారు. ఇతరుల మాట వాడుకుంటే వాళ్ళ పేరు చెప్పి తీరాలి, లేకపోతే అది దొంగతనం అని కూడా మేడమ్ చెప్పింది. ఎర్మినా ఆ వాక్యం బుద్ధిగా రాసుకుని, ఇంటికెళ్ళేటప్పుడు అత్తగారికి మందు కొనాలని గుర్తుచేసుకుంది.

చివరి వ్యాసం, మీ ఊళ్ళో మారాల్సింది ఏమిటని. ఎర్మినా చేతిపంపు గురించి రాసింది. అందులో ఒక పేరా కిందటేడు ఫియెస్టా సందేశం కోసం రాసినదే. తన జీవితంలో అంతకన్నా బాగా ఏదీ రాయలేదు. తన పళ్ళెం తను తీసుకున్నట్టు తీసుకుంది. తడిసిన భుజం ఆరకముందే మళ్ళీ డబ్బా పట్టుకుని వరసలో నిలబడాలని, పైపులెన్ని వేశారో సభ లెక్కపెట్టిందిగానీ ఆడవాళ్ళ తెల్లవారుజాములు ఎన్ని పోయాయో లెక్కపెట్టలేదని అందులో ఉంది. ఆ మాటలతోనే రొడెల్యోకి నీళ్ళ కౌన్సిలర్ అని పేరొచ్చింది. ఆ పేరు మీదే ఇప్పుడు ఊరిపెద్ద పదవికి నిలబడ్డాడు.

మిస్ తుపాస్‌దీ ఆ ఊరే. ఆమె ఇంట్లోనూ ఫియెస్టా పుస్తకం ఉంది. క్లాసు అయ్యాక ఎర్మినాని ఆపి, పుస్తకాన్నీ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టింది. తెల్లటి బారోంగ్ చొక్కాలో రొడెల్యో ఫొటో, దాని కింద అవే మాటలు.

"రూలు ప్రకారం మిమ్మల్ని ఫెయిల్ చెయ్యాలి. కానీ మీరు తెలియక చేశారనుకుంటున్నాను. దీన్ని కొటేషన్‌లో పెట్టి కింద మీ ఆయన పేరు రాసి తెండి. పాస్ చేస్తాను."

ఎర్మినా ఆమెకి థాంక్స్ చెప్పింది. నిజంగానే చెప్పింది. జీపులో కూర్చున్నాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

రొడెల్యో సంగతంతా విని నవ్వాడు. ఇంకేముంది పెట్టెయ్, నా మాటలు కాలేజీదాకా వెళ్ళాయన్నమాట అని మురిసిపోయాడు. అత్తగారు విసనకర్ర ఆపి, మొగుడి మాట పెళ్ళాం వాడుకుంటే దొంగతనమేమిటే, వాడు తెచ్చిన బియ్యం నువ్వు వండట్లేదా అంది.

"రాసింది నేనేగా" అంది ఎర్మినా, గిన్నె తోముతూనే.

"డ్రైవర్ తోలినంత మాత్రాన బండి వాడిదైపోతుందా? నా ఫొటో లేకపోతే నీ పంపు గోల ఎవడు అచ్చేసేవాడు?" అన్నాడు రొడెల్యో.

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది, అందులో నిజం ఉంది కాబట్టి. ఎవడూ అచ్చేసేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో, ఏడో నెల కడుపుతో కూడా, ఆ పంపు దగ్గర నిలబడింది తను. తడిసింది తన భుజం. అతను ఆ వాక్యాన్ని మైకులో గొంతు వణికిస్తూ చదివాడు, ఆ భుజం ఎవరిదని ఒక్కసారైనా అడగలేదు. అతను తన మాటలు దొంగిలించి ఉంటే తలుపు వేసుకునేది. అడిగినప్పుడల్లా తనే తీసిచ్చింది. అది తలుచుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది. ఇప్పుడు ఆ పేరు పెట్టేస్తే ఉద్యోగం మిగులుతుంది, ఇంట్లో గొడవ ఉండదు, మేడమ్ కూడా మెచ్చుకుంటుంది. ఎటు చూసినా అదే తేలిక. బడికి వెళ్ళేముందు కాగితం తీసి, కొటేషన్ గుర్తులు పెట్టి, పేరాకింద రొడెల్యో అని రాసింది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత కొట్టేసింది.

శనివారం మిస్ తుపాస్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. పేరా కింద ఇప్పుడు ఇలా ఉంది: రచన, ఎర్మినా. భర్త ఫొటో కింద, భర్త పేరుతో అచ్చయింది.

"ఇది ఆయనకి తెలుసా?"

"చదివి వినిపించాను మేడమ్. మాట్లాడ్డం మానేశారు."

"చూడండి, ఎన్నికల ముందు ఆయన దీన్ని ఒప్పుకోరు." మేడమ్ గొంతు తగ్గించింది. "ఇది తన రచనేనని ఆయన కాలేజీకి రాసిచ్చారంటే విషయం కమిటీకి వెళ్తుంది. మీ దగ్గర రుజువు లేదు. అప్పుడు మీ ఉద్యోగాన్ని నేను కాపాడలేను. ఇప్పటికైనా మార్చుకోవచ్చు."

ఎర్మినా కాగితాన్ని మేడమ్ వైపే జరిపింది.

"రాసివ్వమనండి మేడమ్" అంది. "అది రాసిపెట్టమని కూడా ఆయన నా దగ్గరికే రావాలి. నేను రాయను."