నవ్వుకు వదిలిన ఆరు సెకన్లు

లాస్ ఏంజిలిస్‌లో ఆ పాత హాస్యచిత్రం మళ్ళీ వేస్తున్నారంటే ఇడా క్రాస్‌మన్ వచ్చి ముందు వరసలో కూర్చుంది. నలభై ఏళ్ళ కిందట దాన్ని ఎడిట్ చేసింది ఆవిడే. బొమ్మకి ముందు ప్రొఫెసర్ వెండెల్ మైకు పట్టుకుని అరగంట ఊదరగొట్టాడు.

"హీరోయిన్ కేకు మీద కూలబడ్డాక ఆరు సెకన్ల మౌనం ఉంటుంది. అది ఆధునిక మానవుడి ఒంటరితనం! ఈ సినిమా ఇన్నేళ్ళు బతికింది అందుకే."

ఇడాకి ఒళ్ళు మండిపోయింది. అతను దిగొచ్చి పక్కన కూర్చోగానే అందుకుంది.

"ఒంటరితనమా, నీ మొహమా! ప్రివ్యూలో జనం ఎంతసేపు నవ్వారో గడియారం పెట్టి చూసి, తర్వాతి డైలాగు ఆ గోలలో కొట్టుకుపోకుండా నేను వదిలిన ఖాళీ అది. అసలెన్నిసార్లు చూశావు దీన్ని?"

"డెబ్భైసార్లండీ. కాలేజీ గదిలో, తలుపేసుకుని, ఒక్కణ్ణే," అన్నాడు వెండెల్ గర్వంగా.

"అదీ నీ రోగం!"

బొమ్మ మొదలైంది. హీరోయిన్ కేకు మీద కూలబడింది. హాలంతా ఘొల్లుమంది. సరిగ్గా ఆరు సెకన్లకి నవ్వు సద్దుమణిగి, తర్వాతి డైలాగు చివరి వరసదాకా తేటగా వినిపించింది.

వెండెల్ ఒక్కడే నవ్వలేదు. అంత హోరులోనూ తలొంచుకుని నోట్‌బుక్కులో 'మౌనం' అని రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు.